నర్సు అలసిపోతే పేషెంట్‌కు ప్రమాదం: గల్ఫ్‌లో డ్యూటీ చేస్తున్నవాళ్లు, ఇంటి దగ్గరున్నవాళ్లు తెలుసుకోవాల్సినవి

మీ ఇంట్లో ఎవరైనా గల్ఫ్‌లో నర్సుగా పనిచేస్తుంటే ఈ మాటలు ఫోన్‌లో వినే ఉంటారు. "ఈరోజు కూడా ఇద్దరు రాలేదు, వాళ్ల పని కూడా నేనే చేశాను." "మళ్లీ డబుల్ డ్యూటీ వేశారు." "పడుకున్నా నిద్ర పట్టడం లేదు." విన్నవాళ్లు చెప్పే జవాబు కూడా దాదాపు ఒకటే ఉంటుంది: "కాస్త ఓపిక పట్టమ్మా, కాంట్రాక్టు అయిపోతుంది కదా."

ఓపిక మంచిదే. కానీ ఆసుపత్రి పనికి ఓపిక ఒక్కటే చాలదు. దుకాణంలో అలసిపోయిన మనిషి బిల్లు తప్పు వేస్తే మళ్లీ సరిచేయొచ్చు. వార్డులో అలసిపోయిన నర్సు 10 యూనిట్ల ఇన్సులిన్‌కు బదులు 100 యూనిట్లు ఇస్తే సరిచేసుకునే టైమ్ ఉండకపోవచ్చు. పేషెంట్ ప్రాణం పోవచ్చు, నర్సు లైసెన్స్ పోవచ్చు, కేసు తేలేదాకా ఊరికి వెళ్లే దారి కూడా మూసుకుపోవచ్చు.

కాబట్టి "నాకు పని ఎక్కువైంది" అని నర్సు చెప్పడాన్ని బద్ధకం కింద, బలహీనత కింద లెక్కేయకూడదు. అది ఒక ప్రమాద హెచ్చరిక. దాన్ని ఎలా గుర్తించాలి, ఎవరికి ఎలా చెప్పాలి, ఏ చట్టం మీకు అండగా ఉంటుంది అన్నది ఇక్కడ చూద్దాం. మన మేల్ నర్సులకు కూడా ఇవన్నీ అలాగే వర్తిస్తాయి.

బర్నౌట్ అంటే ఏంటి?

ఒక రోజు ఎక్కువ పని చేసి అలసిపోతే రాత్రి నిద్రతో తీరిపోతుంది. బర్నౌట్ అలా తీరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని పని వల్ల వచ్చే పరిస్థితిగా తన వర్గీకరణ పట్టికలో వివరించింది. అది జబ్బు కాదని కూడా చెప్పింది. పనిచేసే చోట చాలాకాలం ఉన్న ఒత్తిడిని సరిగా చూసుకోకపోవడం వల్ల వచ్చే ఫలితం అది. మూడు గుర్తులు చెప్పింది:

1. ఒంట్లో, మనసులో శక్తి పూర్తిగా అయిపోయినట్టు ఉండటం.
2. పని మీద, పనిలో ఎదురయ్యే మనుషుల మీద విసుగు, దూరం పెరగడం. పేషెంట్ పేరు మరిచిపోయి "ఏడో బెడ్" అని మాత్రమే గుర్తుండటం.
3. ఎంత చేసినా సరిగా చేయలేకపోతున్నానన్న భావన.

ఈ మూడూ ఉన్న మనిషికి "యోగా చేయి, పాజిటివ్‌గా ఆలోచించు" అని చెబితే సరిపోదు. యోగా మంచిదే కానీ వార్డులో నర్సుల సంఖ్యను అది పెంచదు.

పేషెంట్ల సంఖ్య పెరిగితే ఏమవుతుంది?

ఇది ఊహించి చెప్పే మాట కాదు, లెక్కలు ఉన్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల మీద లిండా ఐకెన్ బృందం చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 30 రోజుల్లోపు ఎంతమంది చనిపోయారో చూశారు. ఒక్కో నర్సు చూసే పేషెంట్లలో ఒక్కరు పెరిగినా మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరిగింది. అదే ఒక్క పేషెంట్ పెరిగితే నర్సుల్లో బర్నౌట్ అవకాశం 23 శాతం పెరిగింది. నర్సుకు నలుగురు ఉన్న చోటుతో పోలిస్తే ఎనిమిది మంది ఉన్న చోట మరణాల అవకాశం 31 శాతం ఎక్కువ.

అమెరికా సంగతి వేరు అనుకుంటారేమో. 2014లో యూరప్‌లోని 9 దేశాల్లో 300 ఆసుపత్రులు, 4 లక్షలకు పైగా పేషెంట్ల వివరాలతో ఇలాంటి అధ్యయనమే చేశారు. అక్కడా ఒక్క పేషెంట్‌కు 7 శాతమే వచ్చింది. దేశాలు వేరు, భాషలు వేరు, లెక్క మాత్రం మారలేదు.

ఇక డ్యూటీ గంటల సంగతి. 2004లో అమెరికా నర్సుల పనిగంటల మీద వచ్చిన అధ్యయనం ప్రకారం డ్యూటీ పన్నెండున్నర గంటలు లేదా అంతకు మించితే తప్పు జరిగే అవకాశం మూడు రెట్లు పెరిగింది. మీ డ్యూటీ కాగితం మీద 12 గంటలే ఉండొచ్చు. ముందు హ్యాండోవర్ తీసుకోవడానికి అరగంట, చివర హ్యాండోవర్ ఇచ్చి చార్టులు పూర్తిచేయడానికి ఇంకో అరగంట కలపండి. పన్నెండున్నర గంటలు రోజూ దాటిపోతున్నాయి. కంపెనీ బస్సు ప్రయాణం ఇంకా కలపనే లేదు.

నిద్ర లేని గంటలు కూడా లెక్కపెట్టండి. వరుసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో ఒక ప్రయోగంలో తేలింది. మధ్యాహ్నం 2 గంటలకు లేచి, సాయంత్రం 7కి డ్యూటీ ఎక్కి, పొద్దున 7కి దిగే నర్సుకు సరిగ్గా 17 గంటలు అవుతాయి. తెల్లవారు షుగర్ పరీక్షలు, రక్త నమూనాలు, పొద్దుటి మందులు అన్నీ ఆ ఆఖరి గంటల్లోనే పడతాయి.

తప్పు ఎలా జరుగుతుంది?

అలసిపోయిన నర్సు నిర్లక్ష్యంగా ఉంటుందని దీని అర్థం కాదు. పని ఎక్కువైనప్పుడు ఏదో ఒకటి వదిలేయక తప్పదు. ఏది వదిలేస్తామో మనకే తెలియకుండా జరిగిపోతుంది.

మొదట పోయేది పేషెంట్‌ను గమనించే టైమ్. ఒక మనిషి పరిస్థితి విషమించే ముందు చాలాసార్లు శరీరం చిన్న చిన్న గుర్తులు చూపిస్తుంది. ఊపిరి కాస్త వేగంగా తీసుకోవడం, మాట తడబడటం, మూత్రం తగ్గడం లాంటివి. ఇవి కనిపించాలంటే మంచం పక్కన రెండు నిమిషాలు నిలబడాలి. ఇరవై మందికి మందులు ఇవ్వాల్సిన మనిషి నిలబడలేదు. మిషన్‌లో వచ్చిన అంకెలు రాసేసి ముందుకు వెళ్లిపోతుంది.

రెండోది చేతులు కడుక్కోవడం, కదలలేని పేషెంట్‌ను రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం లాంటివి. ఒకసారి తప్పితే ఏమీ కనిపించదు. పది రోజులు తప్పితే ఇన్ఫెక్షన్, వీపు మీద పుండ్లు వస్తాయి. పెన్సిల్వేనియా ఆసుపత్రుల వివరాలతోనే 2012లో వచ్చిన ఇంకో అధ్యయనం, నర్సుల్లో బర్నౌట్ ఎక్కువ ఉన్న చోట మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, ఆపరేషన్ గాయం ఇన్ఫెక్షన్లు కూడా ఎక్కువగా ఉన్నాయని చూపించింది.

మూడోది డబుల్ చెక్. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం, మార్ఫిన్ లాంటి మందులు ఇద్దరు నర్సులు విడివిడిగా చూసి ఇవ్వాలని ఆసుపత్రి నియమం ఉంటుంది. మనుషులు లేనప్పుడు ఆ రెండో చూపు రెండో సంతకంగా మారిపోతుంది. చేతిరాత ఆర్డర్‌లో యూనిట్లు అని పూర్తిగా రాయకుండా ఇంగ్లీష్ 'యు' అక్షరం ఒక్కటే పెడితే అది సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అయిన సందర్భాలు వైద్యరంగంలో అందరికీ తెలిసినవే. ఆ తప్పును పట్టుకునేది ఆ రెండో మనిషి కళ్లే.

నాలుగోది మధ్యలో పిలుపులు. సిడ్నీలోని రెండు ఆసుపత్రుల్లో మందులు ఇస్తున్న నర్సులను దగ్గరుండి గమనించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. మందు ఇస్తుండగా ఒక్కసారి ఆటంకం కలిగితే మందు తప్పు, మోతాదు తప్పు లాంటివి సుమారు 12 శాతం పెరిగాయి. ఆటంకాలు పెరిగేకొద్దీ తప్పులూ పెరిగాయి.

మనవాళ్లకు అదనంగా ఉండే బరువు

గల్ఫ్‌లో కాంట్రాక్టు నర్సుకు ఇవి కాక వేరే బరువులు కూడా ఉంటాయి. సప్లయ్ కంపెనీ వీసా మీద వచ్చి వేరే ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు ఫిర్యాదు ఎవరికి చేయాలో తెలియదు. ఆసుపత్రిని అడిగితే కంపెనీని అడగమంటారు, కంపెనీని అడిగితే ఆసుపత్రి డ్యూటీలు మా చేతిలో లేవంటారు. ఏజెంట్‌కు కట్టిన అప్పు తీరేదాకా ఓటీ వద్దని చెప్పే ధైర్యం రాదు.

భాష ఇంకో బరువు. అరబిక్ మాట్లాడే పేషెంట్, ఇంగ్లీష్‌లో ఆర్డర్ ఇచ్చే డాక్టర్, మలయాళంలోనో తగలోగ్‌లోనో మాట్లాడుకునే తోటి నర్సులు. వీటన్నిటి మధ్య మన నర్సు రోజంతా మనసులో అనువాదం చేసుకుంటూ ఉంటుంది. దానికి తోడు క్యాంపు నుంచి తెలుగు పేషెంట్ ఎవరొచ్చినా "సిస్టర్, ఒకసారి వచ్చి చెప్పండి" అని పక్క వార్డు నుంచి పిలుపు. సాయం చేయాల్సిందే. కానీ మందుల ట్రే చేతిలో ఉన్నప్పుడు ఆ పిలుపు కూడా ఆటంకమే. "మందులు ఇచ్చి పది నిమిషాల్లో వస్తాను" అని చెప్పడం తప్పు కాదు.

చట్టం ఏం చెబుతోంది?

ప్రైవేటు ఆసుపత్రులు, సప్లయ్ కంపెనీల ఉద్యోగులకు సాధారణంగా ఆ దేశపు కార్మిక చట్టం వర్తిస్తుంది. నేరుగా ప్రభుత్వ శాఖ ఉద్యోగంలో ఉంటే నియమాలు వేరుగా ఉంటాయి. అందుకే ముందు మీ కాంట్రాక్టులో యజమాని పేరు ఎవరిదో చూసుకోండి.

సౌదీ: రోజుకు 8 గంటలు లేదా వారానికి 48 గంటలు. రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులకు రోజుకు 6, వారానికి 36. వరుసగా 5 గంటలకు మించి విరామం లేకుండా పని చేయించకూడదు, కనీసం అరగంట ఇవ్వాలి. ఓటీ గంటకు మామూలు గంట జీతం మీద బేసిక్‌లో 50 శాతం అదనంగా ఇవ్వాలి.

కువైట్: రోజుకు 8, వారానికి 48 గంటలు. ఓటీకి 25 శాతం అదనం. ఓటీ రోజుకు 2 గంటలు, వారానికి 3 రోజులు, ఏడాదికి 180 గంటలు దాటకూడదు.

యూఏఈ: రోజుకు 8, వారానికి 48 గంటలు. ఓటీకి 25 శాతం అదనం, రాత్రి 10 నుంచి తెల్లవారు 4 మధ్య అయితే 50 శాతం. ఇందులో షిఫ్టుల మీద పనిచేసేవాళ్లకు రాత్రి ఓటీ లెక్క వేరుగా ఉంటుంది, కాంట్రాక్టు చూసుకోండి.

ఈ లెక్కలు తెలిస్తే రెండు లాభాలు. రావాల్సిన డబ్బు అడగొచ్చు. అంతకంటే ముఖ్యంగా, "ఇది మామూలే" అని ఎవరైనా అంటే ఏది మామూలో మీకు తెలుస్తుంది.

ఇంకా బయల్దేరనివాళ్లకు ఒక మాట. సౌదీ, కువైట్, యూఏఈ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ ఈసీఆర్ దేశాలు. 2015 నుంచి ఈ దేశాలకు ఉద్యోగానికి వెళ్లే నర్సులకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి చేశారు, నియామకాలను ప్రభుత్వ సంస్థల ద్వారా జరిగేలా పెట్టారు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అలాంటి సంస్థలే. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చని చెప్పే ఏజెంట్‌ను నమ్మకండి. కాంట్రాక్టులో జీతంతో పాటు డ్యూటీ గంటలు, వారపు సెలవు, ఓటీ రేటు, పనిచేసే ఆసుపత్రి పేరు రాసి ఉన్నాయో లేదో సంతకం పెట్టే ముందే చూడండి.

వార్డులో ఉన్నప్పుడు ఏం చేయాలి?

నోటితో చెప్పి వదిలేయకండి, రాసి ఇవ్వండి. డ్యూటీ మొదట్లోనే, ఏదీ జరగకముందే చార్జ్ నర్సుకు లేదా సూపర్‌వైజర్‌కు ఆసుపత్రి ఈమెయిల్‌లో పంపండి. కోపం, నింద వద్దు. అంకెలు చాలు: "రాత్రి 7 గంటలకు వార్డులో 24 మంది పేషెంట్లు. ఉండాల్సిన నర్సులు ఐదుగురు, ఉన్నది ముగ్గురు. ఇద్దరు పేషెంట్లకు గంటగంటకూ బీపీ చూడాలి. ఇంకో నర్సును పంపమని కోరుతున్నాను. లేనిపక్షంలో ఏ పనులు ముందు చేయాలో చెప్పగలరు." ఆఖరి వాక్యం చాలా ముఖ్యం. ఏది వదిలేయాలన్న నిర్ణయం మీ ఒక్కరి తల మీద ఉండకూడదు.

తప్పు జరిగినా, జరగబోయి తప్పిపోయినా ఓవీఆర్ రాయండి. ఇది రాస్తే మన మీదకే వస్తుందని చాలామంది భయపడతారు. కొన్ని చోట్ల ఆ భయానికి కారణం కూడా ఉంటుంది. అయినా దాచిన తప్పు తర్వాత బయటపడితే పరిస్థితి ఇంకా చెడుతుంది. జరిగింది జరిగినట్టు, టైమ్‌తో సహా రాయండి. ఆ సమయంలో వార్డులో ఎంతమంది పేషెంట్లు, ఎంతమంది నర్సులు ఉన్నారో కూడా రాయండి.

మీ సొంత డైరీ పెట్టుకోండి. తేదీ, డ్యూటీ ఎక్కిన టైమ్, దిగిన టైమ్, పేషెంట్ల సంఖ్య, విరామం దొరికిందా లేదా అంతే. పేషెంట్ పేరు, ఫైల్ నంబర్ రాయకండి. చార్టులకు, వార్డుకు ఫోన్‌తో ఫొటోలు తీయకండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. గల్ఫ్ దేశాల్లో అది నేరం కింద పడొచ్చు, మీ న్యాయమైన ఫిర్యాదు కూడా దాంతో పాడైపోతుంది.

డ్యూటీ మధ్యలో వార్డు వదిలి వెళ్లకండి. పేషెంట్లను గాలికి వదిలేశారన్న ఆరోపణ లైసెన్స్‌కు ముప్పు. చెప్పకుండా ఉద్యోగం మానేస్తే సౌదీలో హురూబ్ పెట్టే అవకాశం ఉంది. డ్యూటీ చేస్తూనే రాతపూర్వకంగా అడగండి.

లోపల పరిష్కారం కాకపోతే సౌదీలో మానవ వనరుల శాఖ, యూఏఈలో మోహ్రే, కువైట్‌లో మ్యాన్‌పవర్ అథారిటీ ఫిర్యాదులు తీసుకుంటాయి. భారత రాయబార కార్యాలయానికి మదద్ పోర్టల్ ద్వారా కూడా చెప్పుకోవచ్చు.

మీరే పేషెంట్‌గా వెళ్తే

క్యాంపులో ఉండే అన్నలకు, తమ్ముళ్లకు ఈ మాట. నర్సు ఎంత బిజీగా ఉన్నా మీ భద్రతలో మీ చేయి కూడా ఉంటుంది.

- వాడే మందుల పేర్లు, పడని మందుల పేర్లు ఒక కాగితం మీద ఇంగ్లీష్‌లో రాయించి అకామా కార్డుతో పాటు ఉంచుకోండి.
- మందు ఇచ్చే ముందు నర్సు మీ పేరు అడిగితే, చేతి పట్టీ చూస్తే విసుక్కోకండి. పేరుతో పాటు ఇంకో గుర్తు కూడా సరిచూడటం అంతర్జాతీయ నియమం. అడగకుండా ఇస్తుంటే మీరే పేరు చెప్పండి.
- ఒకే పేరున్నవాళ్లు పక్క బెడ్‌లో ఉంటే నర్సుకు గుర్తుచేయండి.
- ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, తల తిరిగినా మొహమాటపడకుండా బెల్ కొట్టండి. మంచినీళ్లు, దుప్పటి లాంటివి మందుల టైమ్ అయ్యాక అడగండి.

ఇంటి దగ్గర ఉన్నవాళ్లు చేయగలిగింది

మీకు పొద్దున 11 గంటలంటే రియాద్‌లో, కువైట్‌లో ఎనిమిదిన్నర. నైట్ డ్యూటీ దిగిన మనిషి అప్పుడే పడుకునే టైమ్. ఆ నెల డ్యూటీ చార్ట్ అడిగి తెలుసుకోండి, దాన్ని బట్టి ఫోన్ చేయండి. ఇంట్లో గొడవలు, అప్పులవాళ్ల మాటలు డ్యూటీకి వెళ్లే గంట ముందు చెప్పకండి.

ఓటీ డబ్బు నెలనెలా వస్తుందన్న లెక్కతో చిట్టీలు కట్టకండి, ఇల్లు మొదలుపెట్టకండి. అలా లెక్కేస్తే ఆ మనిషికి ఓటీ వద్దనే హక్కు లేకుండా పోతుంది. బేసిక్ జీతం మీదే ఇంటి లెక్క వేసుకోండి.

మాటలు తగ్గిపోవడం, చిన్నదానికే ఏడవడం, "నేను లేకపోయినా మీకేం కాదు" లాంటి మాటలు వినిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. అక్కడ ఉన్న స్నేహితులకు, తెలుగు సంఘం వాళ్లకు వెంటనే చెప్పి ఎవరినైనా దగ్గరికి పంపండి. ఎలా మాట్లాడాలో తెలియకపోతే ఇండియాలో ఉన్న మీరు కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో సలహా అడగొచ్చు.

ఖర్చు ఎక్కువ అనే మాటకు జవాబు

నర్సులను పెంచితే ఖర్చు పెరుగుతుందని మేనేజ్‌మెంట్లు చెబుతాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో పగలు నలుగురు పేషెంట్లకు, రాత్రి ఏడుగురికి సగటున ఒక నర్సు ఉండాలని నియమం పెట్టింది. తర్వాత లెక్కలు చూస్తే మరణాలు తగ్గాయి, మళ్లీ ఆసుపత్రిలో చేరేవాళ్లు తగ్గారు. అలా మిగిలిన డబ్బు కొత్త నర్సుల ఖర్చుకు రెట్టింపు కంటే ఎక్కువని 2021లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు.

దీనికి ఉల్టా జరిగింది ఇంగ్లాండ్‌లోని మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రిలో. 2005 నుంచి 2009 మధ్య అక్కడ ఖర్చు తగ్గించే క్రమంలో సిబ్బంది తగ్గారు. పేషెంట్లు తాగడానికి నీళ్లు అందక, పక్కబట్టలు మార్చేవాళ్లు లేక అవస్థపడ్డారు. 2013లో వచ్చిన ఫ్రాన్సిస్ విచారణ నివేదిక 290 సిఫారసులు చేసింది. సిబ్బంది ముందే ఆందోళనలు చెప్పారని, పైవాళ్లు వినలేదని అందులో ఉంది.

అక్కడ లోపం ఎక్కడుందో విచారణ కనిపెట్టగలగడానికి ఒక కారణం, ముందే చెప్పినవాళ్లు ఉండటం. మీ వార్డులో కూడా రేపు ఏదైనా జరిగితే మొదట అడిగేది "అప్పుడు ఎవరికైనా చెప్పారా?" అనే. ఈరోజు డ్యూటీకి వెళ్లగానే పేషెంట్లు ఎంతమంది, నర్సులు ఎంతమంది అని లెక్కపెట్టండి. తేడా ఉంటే పనిలోకి దిగే ముందు ఆ నాలుగు లైన్ల ఈమెయిల్ పంపండి.